వీడియో ముక్కలుగా ఎందుకు వస్తుంది?

పిల్లలూ! ముందుగా ఒక చిక్కు ప్రశ్న.

వంద అడుగుల సినిమా రీలు మీకు పార్సెలులో వస్తోంది. దారిలో తెగిపోయి 90 అడుగులే చేరింది. ఆ 90 అడుగులు ప్రొజెక్టరులో ఆడతాయా? నిక్షేపంగా ఆడతాయి. చివరి 10 అడుగుల కథ తెలియదు, అంతే. కాని ఒక వీడియో ఫైలు నూటికి 90 పాళ్ళు ఫోనులోకి వచ్చి ఆగిపోతే, అందులో ఒక్క సెకను కూడా ఆడకపోవచ్చు. ఎందుకని?

ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ ఎదురుకాలేదు. 2020లో బడులు మూసి ఉన్న రోజుల్లో పదో తరగతివారి కోసం నేనొక పాఠం ఫోనుతో చిత్రించాను. కుంభాకార కటకం ముందు కొవ్వొత్తి వెలిగించి, వెనుక తెరమీద దాని ప్రతిబింబం చూపించే పాఠం. 9 నిమిషాలు. ఫైలు 650 మెగాబైట్లయింది. సంబరపడిపోయి దాని లింకును అందరికీ పంపేశాను. మర్నాడు ఒక అమ్మాయి ఫోను చేసింది.

"సార్, 90 దాకా వచ్చి ఆగిపోయింది సార్. నొక్కితే ఏమీ రావట్లేదు. మళ్ళీ మొదటినుంచీ మొదలైంది. సగం దాటాక నెట్టు అయిపోయింది సార్."

వాళ్ళింట్లో ఫోను ఒక్కటే. రోజుకు 1 గిగాబైటు, అంటే 1000 మెగాబైట్ల ప్యాకు. లెక్కవేసి చూడండి. మొదటిసారి వచ్చిన 90 పాళ్ళకు 585 మెగాబైట్లు ఖర్చయ్యాయి. మిగిలిన 415 రెండోసారికి ఖర్చయ్యాయి. ఇంటిల్లిపాదికీ ఆ రోజు నెట్టు లేదు. పాఠంలో కొవ్వొత్తి మాత్రం వెలగనేలేదు!

తప్పు ఆ అమ్మాయిదీ కాదు, ఫోనుదీ కాదు. వీడియో ఎలా తయారవుతుందో, ఎలా ప్రయాణిస్తుందో తెలుసుకోకుండా పంపిన నాది. ఆ తరువాత కూర్చుని నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

లెక్క చూద్దాం

ఫోను తెరమీద ఒక చిన్న నీటిబొట్టు పెట్టి దాని గుండా చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలో చుక్కలో కనిపిస్తాయి. నీటిబొట్టు కూడా కుంభాకార కటకమే కదా! తెరమీది బొమ్మ అంతా ఇలాంటి చుక్కలతో కట్టినదే. ఆ మూడు రంగులూ కలిసిన ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు.

720 అని పిలిచే వీడియోలో అడ్డంగా 1280, నిలువుగా 720 పిక్సెళ్ళు ఉంటాయి. హెచ్చవేస్తే 9,21,600. ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు సంఖ్యలు కావాలి. సంఖ్యకు ఒక బైటు చొప్పున ఒక్క బొమ్మకే 27,64,800 బైట్లు. కదిలినట్టు కనిపించాలంటే సెకనుకు 25 బొమ్మలు చూపాలి. అంటే సెకనుకు 6,91,20,000 బైట్లు, దాదాపు 69 మెగాబైట్లు. నా 9 నిమిషాల పాఠానికి 37 గిగాబైట్లు దాటుతుంది.

ఈ లెక్కన రోజుకు వచ్చే 1 గిగాబైటు ప్యాకు 14 సెకన్లకు సరిపోతుంది. నేను "నమస్కారం పిల్లలూ" అని కళ్ళజోడు సవరించుకునేలోగా అయిపోతుందన్నమాట!

మరి నా ఫైలు 650 మెగాబైట్లే కదా? అంటే ఫోను అప్పటికే దాన్ని 57వ వంతుకు కుదించింది. ఇంకా ఎంతో కుదించవచ్చు. ఎలాగో చూద్దాం.

కంటిని మోసం చేయడం

మొదటి కిటుకు మన కంటిలోనే ఉంది. వెలుగునీడల్లో చిన్న తేడాను కూడా మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. రంగుల్లో సన్నని వివరాలను అంత బాగా పట్టలేదు. అందుకని నాలుగు పిక్సెళ్ళ చదరాన్ని తీసుకుని, నాలుగింటి వెలుగునూ విడివిడిగా రాసుకుంటారు. రంగుకు మాత్రం నాలుగింటికీ కలిపి రెండే సంఖ్యలు. 12 సంఖ్యలు ఉండవలసిన చోట 6 చాలు. సగం బరువు తగ్గింది, మన కన్ను గుర్తుపట్టనే లేదు!

రెండో కిటుకు ఇంకా అందమైనది. ఈ సంఖ్యలు చూడండి: 60, 62, 64, 66, 68, 70, 72, 74. ఇవి గోడమీద పక్కపక్కనే ఉన్న 8 పిక్సెళ్ళ వెలుగు అనుకోండి. ఎనిమిదీ వల్లించనక్కరలేదు. "సగటు 67, ఎడమనుంచి కుడికి మెల్లగా పెరుగుతోంది" అంటే సరిపోతుంది. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కొక్క గడికీ ఈ పని చేస్తారు. గడిలో సగటు వెలుగు ఎంత? మెల్లగా మారే అల ఎంత? తొందరగా మారే అల ఎంత? ఇలా రాసుకుంటారు. గోడ, ఆకాశం, నల్లబల్ల వంటి చోట్ల తొందర అలలు దాదాపు సున్నాలే. ఉన్న కొద్దిపాటినీ సున్నా చేసేసినా కన్ను పోల్చుకోదు. అప్పుడు "ఇక్కడ 50 సున్నాలు" అని ఒక్క మాటలో రాసి పడేయవచ్చు.

ఈ పద్ధతి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. పేరు చూసి బెదరకండి, త్రికోణమితిలో మీరు చదివే కొసైనే అది. దీన్ని ఊహించినది బెంగుళూరులో పుట్టి అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన నాసిర్ అహ్మద్. 1972లో ఈ పరిశోధనకు డబ్బు ఇమ్మని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. వాళ్ళు ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక పరీక్షకుడు అభిప్రాయపడ్డాడని అహ్మద్ తరువాత రాశారు. అయినా ఆయన వదిలిపెట్టలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌ను, టెక్సాస్‌లో పనిచేస్తున్న తన మిత్రుడు కామిశెట్టి రామమోహన రావును కలుపుకున్నారు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో వ్యాసం అచ్చయింది. ఆ మరీ సులువైన ఆలోచనే ఇవాళ మన ఫోటోల్లోనూ వీడియోల్లోనూ పనిచేస్తోంది.

మూడో కిటుకు అన్నిటికన్నా ఎక్కువ పొదుపు చేసేది. హాస్టలులో ఉన్న మీకు ఇంటినుంచి ఉత్తరం వస్తే అందులో ఏముంటుంది? మన ఇంటికి నాలుగు గోడలు ఉన్నాయి, వాకిట్లో వేపచెట్టు ఉంది అని రాస్తారా? "అందరం క్షేమం, గేదె ఈనింది" అని మారిన సంగతులే రాస్తారు. మిగతావి మీకు తెలుసు. వీడియో కూడా అంతే. నా పాఠంలో బల్ల కదలదు, గోడ కదలదు, కటకం కదలదు. నా చెయ్యి, కొవ్వొత్తి మంట, ఈ రెండే కదులుతాయి. అందుకని మొదట ఒక బొమ్మను పూర్తిగా పంపి, దాని వెనుక 25వ వంతు సెకనుకొకసారి మారిన తేడాను మాత్రం పంపుతారు. "ఈ గడి ఇంతకు ముందు ఆరు పిక్సెళ్ళు ఎడమన ఉండేది, ఇప్పుడు ఇక్కడికి జరిగింది" అని కదలికను కూడా సంఖ్యల్లోనే చెబుతారు.

నోటుబుక్కు అంచున పేజీకొకటి చొప్పున పరుగెత్తే మనిషిని గీసి, పేజీలు గబగబా వదిలే ఆట మీరంతా ఆడే ఉంటారు. ఈసారి పలచని కాగితాలు తీసుకుని, కింది కాగితంలో బొమ్మ మీద తేడా ఉన్నచోట మాత్రమే గీసి చూడండి. ఎంత పెన్సిలు మిగులుతుందో తెలుస్తుంది.

ఇందులో ఒక అపాయం ఉంది. తేడాలన్నీ ముందరి బొమ్మ మీద ఆధారపడినవి. మధ్యలో ఒకటి పోతే తరువాతవి తప్పు బొమ్మ మీద పడతాయి. వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే మనిషి ముఖం గోడలోకి సాగిపోయి గళ్ళుగళ్ళుగా కనిపించడం చూశారా? అది ఇదే. అందుకని కొన్ని సెకన్లకు ఒకసారి మళ్ళీ ఒక పూర్తి బొమ్మను పంపుతారు. దాన్ని కీలక చిత్రం అందాం. దీన్ని గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

ఈ కిటుకులన్నీ కలిపి హెచ్.264 అనే ప్రమాణం 2003లో వచ్చింది. 2018లో వచ్చిన ఏవీ1 అదే నాణ్యతను ఇంకా తక్కువ బైట్లలో ఇస్తుంది. కాని మూట ఎంత బిగించి కడితే విప్పడం అంత కష్టం. పాత ఫోనుల్లో ఏవీ1ను విప్పే ప్రత్యేక సర్క్యూటు ఉండదు. అంతా సాఫ్ట్‌వేరుతోనే విప్పవలసి వచ్చి, ఫోను వేడెక్కి బ్యాటరీ కరిగిపోతుంది. అందుకే మంచి వెబ్ పేజీ ముందుగా ఫోనును "నువ్వు దీన్ని ఆడించగలవా?" అని అడిగి, కాదంటే పాతరకం మూట ఇస్తుంది.

ఇక నా ఫైలు 650 మెగాబైట్లు ఎందుకైందో చెబుతాను. కెమెరా ఆన్ చేసి ఉండగా ఫోను అక్కడికక్కడే మూట కట్టాలి. ఎక్కడెక్కడ ఏ గడి ఎటు జరిగిందో తీరిగ్గా వెతికే వ్యవధి దానికి లేదు. రైలు కూతపెట్టాక పెట్టె సర్దినట్టు సర్దుతుంది. తరువాత కంప్యూటరులో తీరిగ్గా మళ్ళీ సర్దితే నా పాఠం 34 మెగాబైట్లయింది. కొలబద్ద మీది అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి.

విషయసూచిక ఎక్కడ ఉంది?

ఇప్పుడు మొదటి చిక్కు ప్రశ్నకు వద్దాం. రీలు అయితే ఒక్కొక్క బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికే కనిపిస్తుంది. ఎమ్‌పీ4 ఫైలులో బొమ్మలన్నీ ఒకదాని వెనుక ఒకటి గుట్టగా పడి ఉన్న సంఖ్యలు. ఒక బొమ్మకు 40,000 బైట్లు పట్టవచ్చు, పక్కదానికి 700. ఏది ఎక్కడ మొదలవుతుంది, ఏ క్షణంలో చూపాలి, ఏ పద్ధతిలో విప్పాలి అని చెప్పే విషయసూచిక ఒకటి ఫైలులోనే ఉంటుంది. అది లేకపోతే మిగతాదంతా అర్థంలేని అంకెల కుప్ప.

ఆ సూచికను కెమెరా ఎక్కడ రాస్తుందో ఊహించగలరా? నేను ఎప్పుడు ఆపుతానో దానికి ముందుగా తెలియదు కదా! అందుకని ఆపు బొత్తాం నొక్కాక, ఫైలు చిట్టచివర రాస్తుంది. ఆ అమ్మాయికి రాని 10 పాళ్ళలోనే సూచిక ఉండిపోయింది. 585 మెగాబైట్ల బొమ్మలు చేతిలో ఉన్నాయి, ఒక్కటీ విప్పే దారి లేదు.

విరుగుడు ఎంత చిన్నదో తెలిస్తే నవ్వొస్తుంది. సూచికను ఫైలు చివరనుంచి మొదటికి జరిపే సాఫ్ట్‌వేరు ఉంది. కొన్ని సెకన్ల పని. బొమ్మ నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. ఫైలు ఇంకా వస్తుండగానే పాఠం ఆడడం మొదలవుతుంది. అలా చేసి మళ్ళీ పంపాను. మూడోనాడు ఆ అమ్మాయే ఫోను చేసింది. ఈసారి నెట్టు మాట ఎత్తలేదు. కొవ్వొత్తి బొమ్మ తెరమీద తలకిందులుగా ఎందుకు పడిందని అడిగింది.

అడిగి తెచ్చుకునే ముక్కలు

మీరు వెబ్‌లో చూసే పెద్ద పెద్ద వీడియోలు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. అవి ఒక్క ఫైలుగా రానేరావు.

దూరం నుంచి పాఠం చెప్పడం మన దేశంలో కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరంపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా, ఇస్రో ఆధ్వర్యంలో, 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేశారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. కాని ఉపగ్రహం అందరికీ ఒకటే బొమ్మ పంపుతూ పోతుంది. మీ ఊళ్ళో సరిగ్గా అందుతోందో లేదో దానికి తెలియదు. వెబ్ పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ అడిగేది మీ ఫోను. అడిగినదే వస్తుంది.

2009లో యాపిల్ కంపెనీ ఒక పద్ధతి ప్రవేశపెట్టింది. 2012లో అలాంటిదే డ్యాష్ అనే పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. రెండింటి కీలకం ఒకటే. వీడియోను కొద్ది సెకన్ల ముక్కలుగా కోస్తారు. ప్రతి ముక్కా కీలక చిత్రంతో మొదలవుతుంది కనుక ముందు ముక్కతో పని లేకుండా విప్పవచ్చు. ఒకే పాఠాన్ని నాలుగైదు నాణ్యతల్లో ముక్కలు చేసి సర్వరులో ఉంచుతారు. ఏ ముక్క ఎక్కడ ఉందో చెప్పే జాబితా ఒకటి ముందుగా ఫోనుకు వస్తుంది. ఇక ఫోను ఒక్కొక్క ముక్కనే అడిగి తెచ్చుకుంటుంది.

మీ ఇంటిమీద నీళ్ళ ట్యాంకును తలచుకోండి. పైనుంచి మోటారు నింపుతుంటే కింద కుళాయి వాడుతుంటారు. ఫోనులో కూడా అలాంటి తొట్టి ఉంది, దాన్ని బఫర్ అంటారు. నెట్టు నింపుతుంది, మీ కన్ను ఖాళీ చేస్తుంది. తొట్టి ఎండితే తెరమీద గుండ్రంగా చక్రం తిరుగుతుంది. ఆ చక్రాన్ని మీకు నేను పరిచయం చేయనక్కరలేదు!

లెక్కలో చూద్దాం. ముక్క నిడివి 6 సెకన్లు. మీ నెట్టు వేగం సెకనుకు 1000 కిలోబిట్లు. ఫోను మంచి నాణ్యతను, సెకనుకు 2000 కిలోబిట్లదాన్ని, అడిగిందనుకోండి. ముక్క బరువు 12,000 కిలోబిట్లు. రావడానికి 12 సెకన్లు. కాని అది ఆడేది 6 సెకన్లే. అంటే ఒక్కో ముక్కకు తొట్టిలో 6 సెకన్ల నీరు తగ్గింది. ఇప్పుడు తక్కువ నాణ్యత, 800 కిలోబిట్లది, అడిగితే? ముక్క బరువు 4,800. రావడానికి 4.8 సెకన్లు, ఆడేది 6. తొట్టి 1.2 సెకన్లు నిండింది. ఈ లెక్క మీ ఫోను ముక్కముక్కకూ వేస్తూనే ఉంటుంది. బస్సు ఊరు దాటి టవరుకు దూరమైతే బొమ్మ మసకబారుతుంది గాని పాఠం ఆగదు. పట్నం చేరగానే మళ్ళీ తేటపడుతుంది.

ఇంకొక లాభం. ముక్కలన్నీ మామూలు వెబ్ ఫైళ్ళే కనుక, వాటి నకళ్ళను మీకు దగ్గర నగరాల్లోని సర్వర్లలో దాచి ఉంచవచ్చు. ప్రతిసారీ సముద్రాలు దాటి రానవసరం లేదు.

ఒకప్పుడు వెబ్ పేజీకి వీడియో అంటే ఏమిటో తెలియదు. ఫ్లాష్ వంటి వేరే సాఫ్ట్‌వేరు పెట్టుకుంటేనే బొమ్మ కదిలేది. 2007లో వచ్చిన ఐఫోన్ ఫ్లాష్‌ను ఆడించలేదు. అదే ఏడాది ఒపేరా బ్రౌజరువారు పేజీలోనే 'వీడియో' అనే ట్యాగు ఉండాలని ప్రతిపాదించారు. 2014లో హెచ్‌టిఎంఎల్5తోపాటు అది ప్రమాణమైంది. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆపేశారు. ఫోను యాప్‌లు రాసేవారు కూడా ఇవే ముక్కలను, ఇవే జాబితాలను వాడుకుంటారు. ఒకసారి కోసి పెట్టిన పాఠం పేజీలోనూ ఆడుతుంది, యాప్‌లోనూ ఆడుతుంది.

పేజీ రాసేవారి చేతిలో ఒక చిన్న తాళంచెవి ఉంది. దాని పేరు ప్రీలోడ్. 'నన్' అని రాస్తే, మీరు నొక్కేవరకు వీడియోలో ఒక్క బైటు కూడా తేవద్దని బ్రౌజరుకు సూచించినట్టు. 'మెటాడేటా' అని రాస్తే సూచిక వంటి వివరాలు మాత్రం తెమ్మని. 'ఆటో' అంటే నీ ఇష్టం, అంతా తెచ్చుకున్నా సరేనని. రోజుకు 1 గిగాబైటు ఉన్న ఇంటికి ఈ మూడు మాటల మధ్య తేడా చాలా పెద్దది. యాప్‌లోనూ అంతే. రెండు నిమిషాల వీడియోను ముందుగానే తొట్టిలో నింపుకుని, మీరు పది సెకన్లు చూసి మూసేస్తే, మిగతాదంతా మురుగు కాలువ పాలు. నొక్కకుండానే తమంతట తామే ఆడే వీడియోలంటే అందుకే నాకు గిట్టదు. ఎవరి డబ్బుతో ఆడుతున్నాయి అవి?

మీరు చేసి చూడండి

ఇంట్లో పెద్దవాళ్ళ అనుమతితో, నాణ్యతను మార్చే వీలున్న ఒక వీడియోను ఫోనులో పెట్టండి. నాణ్యత 144కు తగ్గించి ఒక నిమిషం ఆడనివ్వండి. అప్పుడు ఫ్లైట్ మోడు నొక్కండి. వీడియో వెంటనే ఆగదు! ఆగేవరకు ఎన్ని సెకన్లు ఆడిందో గడియారం చూసి రాసుకోండి. మీ తొట్టిలో ఉన్న నీరు అంతన్నమాట. ఇదే వీడియోను 720లో పెట్టి మళ్ళీ చేయండి. రెండు అంకెలనూ పోల్చండి.

తరువాత నాణ్యతను 'ఆటో'లో పెట్టి మూడోసారి చేయండి. బొమ్మ ఆగిపోయాక ఫ్లైట్ మోడు తీసేయండి. మళ్ళీ మొదలైనప్పుడు మొదటి కొన్ని సెకన్లు బొమ్మ తేటగా ఉందా, మసకగా ఉందా? మీ ఫోను ఆ ముక్కను ఎందుకు ఎంచుకుందో 1000 కిలోబిట్ల లెక్కను ఇంకొకసారి చూసి చెప్పండి.